ముందే రాసిపెట్టిన పేర్లు

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఒక సాయంత్రం. గాజుల అంగడి ముందు ఒకావిడ పర్సు కనబడలేదు. రెప్పపాటులో చుట్టూ ఉన్న చూపులన్నీ, పక్కన ఈతగంపలు, చాటలు పరుచుకుని కూర్చున్న ఎరుకల ముసలమ్మ మీదికి తిరిగాయి. ‘ఇంగెవురు తీసింటారు?’ అన్నారెవరో. ముసలమ్మ కిక్కురుమనలేదు. లేచి కొంగు దులిపింది. గంపలన్నీ ఒక్కొక్కటే బోర్లించి చూపింది. కాసేపటికి పర్సు ఆ ఇల్లాలి సంచీలోనే, కొత్త చీర మడతలో దొరికింది. జనం గాజుల బేరంలో పడ్డారు. ముసలమ్మ గంపలు సర్దుకుంది. ఎవరూ అడక్కముందే తనంతట తానే సోదా ఇచ్చిన ఆ అలవాటు మాత్రం చాన్నాళ్లు నన్ను వదల్లేదు.

ఆ అలవాటు ఎక్కడ పడిందో వెతికితే పాత దస్తరాల్లోకి పోవాలి. 1953 దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోది. ఆ వైపు ఎరుకలను కొరచలంటారు. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊరూరా అమ్మిన కుటుంబాలవి. మద్రాసు రైలు ఆదోని మీదుగా రాయచూరు చేరింది 1871లో. పెరికెద్దుల వ్యాపారం కూలబడింది. ఐదేళ్లకు ధాత కరువు. బతుకుతెరువు పోయి ఊళ్లు తిరిగేవాళ్లు దొరతనం కంటికి దొంగల్లా కనబడ్డారు. రైలొచ్చిన ఆ 1871లోనే ఉత్తరాదిన నేరస్థ జాతుల చట్టం పుట్టింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికీ తెచ్చారు.

ఆ చట్టం వెనకున్న వాదన వింటే ఎమ్మిగనూరు నేతగాళ్లు నవ్వుకుంటారు. నేతగాడి బిడ్డ నేతగాడే, వడ్రంగి బిడ్డ వడ్రంగే; అలాగే దొంగ బిడ్డ దొంగే అవుతాడట! మగ్గం గుంటలో కూర్చున్న తండ్రుల బిడ్డలు ఇవాళ బెంగళూరులో కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. కానీ ఆ వాదనకు సర్కారు ముద్ర పడ్డాక నవ్వులాట మిగల్లేదు. పేర్లు రిజిస్టరుకెక్కాయి. వేలిముద్రలు తీసుకున్నారు. చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. కొన్ని కుటుంబాలను సెటిల్‌మెంట్లకు తరలించారు. గుంటూరు వైపు స్టూవర్టుపురం పేరు అందరికీ తెలుసు. ఆత్మకూరు దగ్గరి సిద్ధాపురం అప్పటి మన కర్నూలు జిల్లాలోదే. ఎవరూ ఓటేసి ఎన్నుకోని ప్రభుత్వం చేసిన పని అది.

ఇలాంటి చిట్టా ఒక నియంత చేతికి చిక్కితే ఏమవుతుందో ఐరోపా చూసింది. అక్కడి రోమాలు వందల ఏళ్ల కిందట మన దేశం నుంచి వలసపోయినవాళ్ల సంతతి. నీళ్లను ఇప్పటికీ ‘పానీ’ అనే అంటారు. వాళ్ల పేర్లు, ఫొటోలు పోగేయడానికి మ్యూనిక్ పోలీసులు 1899లోనే ఒక ప్రత్యేక కార్యాలయం పెట్టారు. దేశదిమ్మరులని ముద్రవేసి వాళ్లను కట్టడి చేస్తూ 1926లో బవేరియా చట్టం చేసింది. అప్పటికి అక్కడున్నది ఎన్నికైన ప్రభుత్వమే. 1933లో గద్దెనెక్కిన హిట్లర్‌కు జాబితా సిద్ధంగా దొరికింది. రాబర్ట్ రిట్టర్ అనే డాక్టరు వంశవృక్షాలు తవ్వి, తలలు కొలిచి, రక్తం తీసి దాదాపు 24 వేల మందికి జాతి నిర్ధారణ పత్రాలు రాశాడు. నేరం వాళ్ల నెత్తుట్లోనే ఉందన్నాడు. ఆ పత్రాల వెనకే రైళ్లు కదిలాయి. 1944 ఆగస్టు 2 రాత్రి ఆష్విట్జ్‌లోని రోమాల శిబిరాన్ని ఖాళీ చేశారు. ఖాళీ చేయడమంటే నాలుగు వేలకు పైగా మనుషులను, ముసలివాళ్లను, పసిపిల్లలను గ్యాస్ గదుల్లోకి తోలడం.

రిట్టర్‌కు శిక్ష పడలేదు. యుద్ధం తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్ నగర ఆరోగ్య శాఖలో ఉద్యోగం చేసుకున్నాడు. 1956లో పశ్చిమ జర్మనీ అత్యున్నత న్యాయస్థానం, 1943కు ముందు రోమాల మీద జరిగింది జాతి హింస కాదు, నేరాలు ఆపే పోలీసు చర్య అని తీర్పు చెప్పింది. నియంత పోయినా చిట్టా రాసిన చెయ్యి పోలేదన్నమాట. అది జాతి సంహారమేనని ఆ దేశం ఒప్పుకున్నది 1982లో.

సిద్ధాపురాన్నీ ఆష్విట్జ్‌నూ ఒక త్రాసులో పెట్టడం లేదు. సిద్ధాపురంలో గ్యాస్ గదులు లేవు. రిజిస్టరులో మొదటి పేజీ మాత్రం రెండుచోట్లా ఒకటే: మనిషి ఏం చేశాడన్న గడి అందులో లేదు, ఎవరికి పుట్టాడన్నదే ఉంది. ద్వేషం జనం నోట నానుతున్నంతకాలం జాతరలో ఒక చెడు చూపుగా మిగులుతుంది. సర్కారు దానికో గుమస్తాను, ఓ రబ్బరు స్టాంపును ఇచ్చిన రోజున శాసనమవుతుంది.

మద్రాసులో నేరస్థ జాతుల చట్టం 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. దాని కిందున్నవాళ్లకు ‘విముక్త జాతులు’ అని పేరు పెట్టాం. కులాన్నిబట్టి ఖైదీలకు పనులు పంచే జైలు నిబంధనలు చెల్లవని, విముక్త జాతులవాళ్లను పుట్టుకను చూసి అలవాటు నేరస్థుల కింద జమకట్టొద్దని, జైలు రిజిస్టర్లలో కులం గడిని తీసేయాలని సుప్రీంకోర్టు చెప్పింది 2024 అక్టోబరు 3న. అప్పటికి విముక్తి వచ్చి 72 ఏళ్లు.