ముందు ఏం పని చేస్తావని అడగండి

పెళ్లి ఊరేగింపుల్లో, హరికథల పందిళ్లలో పెట్రోమాక్స్ లైటు వెలిగించడం చూసినవారికి మ్యాంటిల్ గుర్తుండే ఉంటుంది. తెల్లటి చిన్న వలసంచి. దారంతో బిగించి అగ్గిపుల్ల గీస్తే గుడ్డంతా కాలిపోయి బూడిద గూడు మిగిలేది. వెలుగంతా ఆ గూడుదే. వేలు తగిలితే రాలిపోయేది.

ఆ బూడిదలో ఉండేది థోరియం ఆక్సైడ్, దాంట్లో నూటికి ఒక వంతు సీరియం. ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త వెల్స్‌బాక్ 1891లో తేల్చిన పాళ్లు ఇవి. గూడు తొందరగా చిట్లిపోకుండా గుడ్డను ముంచే ద్రావణంలో తయారీదారులు మరో లవణం కూడా కాస్త కలిపేవారు. అదే బెరీలియం నైట్రేట్. అమెరికాలో క్యాంపు లాంతర్ల మీద చేసిన ఓ పరిశీలన 1973లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. కొత్త మ్యాంటిల్‌లో దాదాపు 600 మైక్రోగ్రాముల బెరీలియం ఉందనీ, వెలిగించిన మొదటి 15 నిమిషాల్లోనే అందులో చాలా భాగం గాలిలో కలుస్తోందనీ తేలింది.

ఈ లవణం తయారీలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. బెరీలియం హైడ్రాక్సైడ్‌ను నత్రికామ్లంలో కరిగించి, చిక్కబరిచి, చల్లారిస్తే తెల్లటి స్ఫటికాలు వస్తాయి. గాలిలో తేమ పీల్చుకుని అవే నీరుకారిపోతాయి. బాగా వేడిచేస్తే నైట్రోజన్ ఆక్సైడ్ల పొగ వదిలి బెరీలియం ఆక్సైడ్ పొడిగా మిగులుతాయి. బెరీలియం లవణాల రుచి తీపి. 1798లో బెరిల్ రాతిలో ఈ మూలకాన్ని పసిగట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త వోక్లాన్ ఆ సంగతి అప్పుడే గమనించాడు. మన గూడూరు అభ్రకపు గనుల ప్రాంతంలోనూ బెరిల్ దొరుకుతుంది. రాయిగా ఉన్నంతకాలం దానితో పెద్ద బెడద లేదు. దాన్నుంచి లవణాలు, ఆక్సైడు, లోహం తీసి వాటి ధూళినీ పొగనూ పీల్చినప్పుడే ముప్పు.

ఎక్కువ మోతాదు ఒక్కసారిగా లోపలికి పోతే రోజుల్లోనే ఊపిరితిత్తులు వాచిపోతాయి. కొద్దికొద్దిగా పోతే మరీ మోసం. అందరికీ జబ్బు రాదు. కొందరి ఒంట్లో రోగనిరోధక కణాలు బెరీలియం మీద కత్తిగడతాయి. ఏళ్ల తర్వాత, ఒక్కోసారి ఆ ధూళిలో చేసే పని మానేసిన చాలా కాలానికి, దగ్గూ ఆయాసమూ మొదలవుతాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ భయం కూడా ఉంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ బెరీలియాన్ని మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థాల్లో చేర్చింది.

ఈ దగ్గూ ఆయాసాల జబ్బే అమెరికాలోని సేలం ఊళ్లో బయటపడింది. అక్కడి ట్యూబులైట్ల ఫ్యాక్టరీలో, గొట్టాల లోపల పూసే పొడిలో బెరీలియం ఉండేది. పనిచేసేవాళ్లలో చాలామంది వయసులో ఉన్న ఆడవాళ్లు. వాళ్ల ఊపిరితిత్తుల జబ్బును మొదట సార్కాయిడోసిస్ అనే వేరే జబ్బు అనుకున్నారు. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపిస్తాయి మరి. డాక్టర్ హారియట్ హార్డీ వాళ్లు చేసే పని ఆరా తీసింది. 1946లో సహచరుడితో కలిసి 17 మంది కథను ప్రచురించింది. 1949 నాటికి ట్యూబులైట్ల పరిశ్రమ ఆ పొడిని వదిలేసింది. ఒహాయో రాష్ట్రంలోని లొరెయిన్‌లో బెరీలియం కర్మాగారం గుమ్మం తొక్కని ఇరుగుపొరుగువారికీ జబ్బు వచ్చింది. పని నుంచి వచ్చిన మనిషి బట్టలు ఉతికిన పాపానికి జబ్బుపడ్డ వాళ్లూ ఉన్నారు.

అప్పుడు గాలిలో బెరీలియం ఎంతవరకు ఉండొచ్చన్న లెక్క పుట్టింది. ఇద్దరు నిపుణులు సమావేశానికి టాక్సీలో వెళ్తూ, బరువైన లోహాలకున్న పరిమితిని అణుభారం లెక్కన కుదించి ఘనమీటరుకు 2 మైక్రోగ్రాములు అని తేల్చారు. తాత్కాలికం అనుకున్న ఆ అంకె దాదాపు 70 ఏళ్లు ఏలింది. 2017లో గానీ అమెరికా దాన్ని 0.2కి దించలేదు. 1987 సవరణతో మన ఫ్యాక్టరీల చట్టంలో చేరింది కూడా ఆ టాక్సీ అంకే.

అదే చట్టం బెరీలియం విషాన్ని డాక్టర్లు ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది. మంచిదే. కానీ గుర్తుపట్టని జబ్బును ఎవరు తెలుపుతారు? కట్టుడు పళ్లకు వాడే కొన్ని నికెల్-క్రోమియం మిశ్రమాల్లో 2 శాతం దాకా బెరీలియం ఉంటుంది. వాటిని చిన్న గదిలో కూర్చుని అరగదీసే కుర్రాడు దగ్గుతూ ఆసుపత్రికొస్తే, మన దేశంలో ఎవరికైనా ముందు తట్టేది టీబీయే. తెల్లకణాలు బెరీలియానికి స్పందిస్తున్నాయో లేదో చెప్పే రక్తపరీక్ష ఉంది. అయితే అనుమానం వస్తేనే కదా ఆ పరీక్ష రాసేది.

రోగిని ఏం పని చేస్తావని అడగాలని ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లోనే రాశాడు. మన ఓపీ చీటీలో పేరు, వయసు, ఊరు రాయించుకున్నట్టే చేసే పని కూడా రాయించుకోవాలి. ఇప్పటి పనే కాదు, పదేళ్ల కిందటిది కూడా. బెరీలియం జబ్బుకు మొదటి వైద్యం మనిషిని ఆ ధూళి నుంచి తప్పించడం. ఆ ప్రశ్న అడగకపోతే ఆ కుర్రాడు ఆరు నెలలు టీబీ మాత్రలు మింగుతూ రోజూ అదే గదికి పనికి వెళ్తాడు.