ముల్లు తీయక అతుకు వేసిన ఫలమేమి?

ఆదివారం ఎలగందుల కోటకు సైకిళ్లపై వెళ్లాలని నిశ్చయించుకోవడం, శనివారం సాయంత్రానికి ఒకరి చక్రంలో గాలి పోవడం, దానితో అందరూ ప్రయాణం మానుకోవడం విద్యార్థి లోకంలో పరిపాటి. "నా బండి రాత ఇంతే" అని నిట్టూర్చడం కూడా పరిపాటియే. ఒకే చక్రానికి పదేపదే పంక్చరు కావడం తలరాత కాదు, కారణాన్ని వెదకకపోవడమేనని నా అభిప్రాయం.

చొప్పదండి పరిసరాల పొలంబాటలలో తుమ్మముళ్లకు, పల్లేరుకాయలకు కొదువ లేదు. ట్యూబును గుచ్చిన ముల్లు విరిగి, దాని మొన టైరులోనే నిలిచిపోతుంది. ట్యూబుకు అతుకు వేసి అదే టైరులో బిగిస్తే మరునాడు మళ్లీ గుచ్చుతుంది. కావున టైరు లోపలి భాగాన్ని గుడ్డతో తడిమి చూడాలి. రంధ్రం రిమ్ము వైపున ఉంటే పైకి పొడుచుకువచ్చిన పుల్లనో, జరిగిపోయిన రిమ్ము పట్టీనో అనుమానించాలి. పక్కపక్కనే రెండు చీలికలుంటే, గాలి తక్కువగా ఉన్న చక్రాన్ని రాతిపైకి ఎక్కించామని గ్రహించాలి. రంధ్రమే లేకుంటే వాల్వులోని రబ్బరు గొట్టాన్ని పరీక్షించాలి.

బెల్ఫాస్టు నగరంలో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల బండి కుదుపు తగ్గించడానికి గాలి టైరు తయారుచేసి, 1888లో పేటెంటు పొందాడు. ఆనాటి టైర్లను చక్రానికి అతికించేవారు గనుక పంక్చరు బాగుచేయడం గంటల తరబడి పని. 1891లో ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సోదరులు ఊడదీయగల టైరును రూపొందించారు. పంక్చరు కష్టాన్ని గురించి ఆలోచించడం వల్లనే ఆ మేలు కలిగింది.

అట్టి విద్యను "పంక్చర్లు వేసుకునే పని" అని తేలిక చేయడం, ఒక సమాజాన్ని చిన్నబుచ్చడానికి ఆ మాటను వాడడం ఎంతమాత్రం తగదు. నీటితొట్టిలో లేచే బుడగను చూసి లోపాన్ని నిర్ణయించే కార్మికుడు చేసేది పరిశీలనయే. మన ప్రయోగశాలలు నేర్పేదీ అదియే.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. సైకిలు స్టాండు వద్ద ఒక గాలిపంపు, నీటితొట్టి, టైరు విప్పే పట్టీలు, అతుకులు, సొల్యూషను ఉంచండి. ఊరిలోని అనుభవజ్ఞుడైన మెకానిక్కును గౌరవంగా పిలిపించి, తగిన పారితోషికమిచ్చి, విద్యార్థినీ విద్యార్థులందరికీ ఒక పూట నేర్పించండి. ఖర్చు స్వల్పం, ప్రయోజనం అధికం.

విద్యార్థులారా! 1905లో కరీంనగర్ పేరు వచ్చేవరకు ఈ జిల్లాకు పేరునిచ్చిన ఊరు ఎలగందుల. అక్కడి కోటను, దో మీనార్‌ను చూడడం మన చరిత్రను చూడడమే. శాతవాహనుల కాలపు బౌద్ధస్తూపం గల ధూళికట్ట కూడా మన ప్రాంతంలోనిదే. ముందురోజే చక్రాలు పరీక్షించుకొని, జట్టుకు ఒక అదనపు ట్యూబు వెంట ఉంచుకొని, వేకువనే బయలుదేరండి. అందరికంటే నెమ్మదిగా తొక్కేవానిని ముందు నడవనివ్వండి. దారిలో ఒకరి చక్రం ఆగితే తక్కినవారూ ఆగి చేయి వేయండి. ఏ ముల్లుకూ ప్రయాణాన్ని ఆపే అధికారం ఇవ్వకండి.