రైలు పరుగులో ఫోను మాట

జనగామ స్టేషనులో ఆగకుండా దూసుకుపోయే రైలు కూతను ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? సమీపిస్తున్నంతసేపు సన్నగా, తీక్షణంగా ఉండే ధ్వని మనల్ని దాటిన మరుక్షణం బొంగురుపోతుంది. డ్రైవరు కూతను మార్చలేదు; మారినది మనకూ రైలుకూ మధ్య దూరం తరిగే, పెరిగే తీరు మాత్రమే. 1842లో క్రిస్టియన్ డాప్లర్ ఈ సూత్రాన్ని ప్రతిపాదించాడు. 1845లో హాలండు శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ బాకా వాయించేవారిని రైలెక్కించి మరీ దానిని పరీక్షించాడు.

అదే రైలులో మహబూబాబాద్ వెళ్తున్న ఒక అమ్మాయి ఇంటికి ఫోను చేసి, "అమ్మీ, కాజీపేట దాటాను" అంటున్నదనుకుందాం. ఆ మాటను మోసే రేడియో తరంగానికీ ఇదే గతి. రైలు వేగం గంటకు 108 కిలోమీటర్లయితే సెకనుకు 30 మీటర్లు. కాంతి వేగంలో ఇది కోటికి ఒక వంతు. తరంగం సెకనుకు 180 కోట్ల సార్లు కంపిస్తే, టవరుకు ఎదురుగా పోతున్న ఫోనుకు 180 కంపనాలు అదనంగా తోస్తాయి. టవరు దాటగానే అన్నే తగ్గుతాయి.

అయితే అసలు దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఫోనులోని క్వార్ట్జ్ స్ఫటికం వేడికి, వయసుకు లోనై పది లక్షలకు ఒక వంతు తప్పినా తేడా 1800 కంపనాలు. రైలు చేసే చెరుపుకు ఇది పదింతలు! రిసీవరు ఈ రెండింటినీ వేరు చేయలేదు, చేయనక్కరా లేదు. మొత్తం తేడాను కొలిచి సరిదిద్దితే చాలు.

కొలిచేదెలా? 4జీ సంకేతంలో ఇరుపక్షాలకూ ముందే తెలిసిన గుర్తులు నిర్ణీత వ్యవధిలో వస్తుంటాయి. 180 కంపనాల తేడా ఉంటే, అర మిల్లీసెకను ఎడంతో వచ్చే రెండు గుర్తుల మధ్య సంకేతం సుమారు 32 డిగ్రీలు తిరుగుతుంది. ఆ కోణాన్ని కనిపెట్టి, అంతే వెనక్కు తిప్పుతారు. తేడా వెయ్యి కంపనాలు మించితే మాత్రం సగం చుట్టు దాటి, ఎటు తిరిగిందో తెలియదు. సినిమాలో బండిచక్రం వెనక్కు తిరుగుతున్నట్లు కనిపించడం ఇలాంటిదే. అందుకే ముందు స్థూలంగా, ఆపై సూక్ష్మంగా సవరిస్తారు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. ఫోను తన గడియారాన్ని టవరు నుండి వచ్చే తరంగంతో సరిచూసుకుంటుంది. అంటే, అప్పటికే మారిన తరంగంతో! తిరిగి పంపేటప్పుడు మరో 180 కలిసి, టవరుకు చేరేసరికి తేడా 360 అవుతుంది. పట్టాల పక్కనే టవరుంటే, రైలు దాటే కొద్ది క్షణాల్లోనే అది +360 నుండి −360కి తిరగబడుతుంది. టవరులోని రిసీవరుకు అసలు పరీక్ష అదే.

రైలులో ఫోను తెగిపోతే చాలామంది వేగాన్నే నిందిస్తారు. నా దృష్టిలో అది న్యాయం కాదు. ఉక్కు పెట్టె అడ్డు, ఒక టవరు నుండి మరొక టవరుకు మారడంలో తడబాటు తరచుగా అసలు కారణాలు. రైలే లేని భూపాలపల్లి అడవి దారిలో గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సుకు తేడా 90 కంపనాలే. అక్కడ మాట తెగిందంటే దూరాన్నీ చెట్లనూ అనుమానించాలి.

ఇంజనుకూ స్టేషనుకూ మధ్య రేడియో సంభాషణతో పనిచేసే 'కవచ్'లోనూ ఈ లెక్క తప్పదు. 400 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, అదే వేగానికి, తేడా 40 కంపనాలే. కానీ అక్కడ చేరవలసినది ముచ్చట కాదు, ఆగమనే ఆదేశం. 2022 మార్చి 4న దక్షిణ మధ్య రైల్వేలో జరిగిన పరీక్షలో, రైల్వే మంత్రి ప్రయాణిస్తున్న ఇంజను ముందున్న మరో ఇంజనుకు 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది.