ప్యాకెట్టు మీద సర్కారు ధర, ఖాతా పుస్తకంలో సేటు ధర

ఆదిలాబాద్ (గ్రామీణ విలేకరి): మిరుగం చినుకు పడితే చాలు, జిల్లాలో విత్తన దుకాణాల ముందు రైతులు కిటకిటలాడుతారు. వారు చేతిలోకి తీసుకునే బీజీ-2 పత్తి ప్యాకెట్టు గరిష్ఠ ధర 2025 వానాకాలానికి 901 రూపాయలు. అంతకు ముందటి ఏడు 864. ఈ అంకె వేసింది కంపెనీ కాదు, దుకాణదారూ కాదు. కేంద్ర వ్యవసాయ శాఖ వేసింది. ఇరవై ఏళ్ల క్రితం, 2005లో, అదీ పాత బీజీ-1 రకం ప్యాకెట్టు 1,600 రూపాయల పైమాటగా అమ్మారు. నూనె, ఎరువు, కూలి, ఆఖరుకు బస్సు చార్జీ సహా అన్నీ పెరిగిన ఇరవై ఏళ్లలో ధర సగం దాకా దిగిన సరుకు రైతు ఇంట్లో ఇంకొకటి ఉన్నదేమో వెతకవలసిందే.

ఈ ధర దానంతటది దిగలేదు. ప్రభుత్వం దించింది. ధరకు కళ్ళెం పడిన తర్వాత వ్యాపారం ఏ దారిన మళ్ళిందన్నది మాత్రం రైతులలో చాలామంది గమనించలేదు.

బీటీ పత్తికి దేశంలో మొదట అనుమతి దొరికింది 2002 మార్చిలో. మహికో కంపెనీ మూడు రకాలకు కేంద్రం ఒప్పుకున్నది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో వేసిన చోట్ల, ముఖ్యంగా వరంగల్ జిల్లాలో, పంట ఆశించినట్లు రాలేదని రైతులు రోడ్డెక్కారు. నష్టపరిహారం ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం కంపెనీని అడిగింది. కంపెనీ కాదన్నది. 2005లో ఆ మూడు రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. అప్పటికే వేరే కంపెనీలు అదే జన్యువును తమ రకాలలో పెట్టి అమ్మసాగాయి. ఏ కంపెనీ ప్యాకెట్టు కొన్నా అందులో పెద్ద వాటా జన్యువు హక్కులున్న మహికో-మోన్‌శాంటో సంస్థకు పోయేది. ఒక్కొక్క ప్యాకెట్టు మీద రాయల్టీ పేరిట 1,250 రూపాయల దాకా వసూలయ్యేది. బీటీ కాని హైబ్రిడ్ ప్యాకెట్టు ఆ రోజుల్లో 450 రూపాయల ప్రాంతంలో దొరికేదంటే, రైతు గింజకు ఎంత ఇచ్చాడో, గింజలోని జన్యువుకు ఎంత ఇచ్చాడో లెక్క తేలుతుంది.

2006 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీలో ఎం.ఆర్.టి.పి. కమిషన్ తలుపు తట్టింది. గుత్త వ్యాపారాలను అదుపు చేయడానికి అప్పట్లో ఉన్న కమిషన్ అది. తర్వాత రద్దయి, దాని స్థానంలో కాంపిటీషన్ కమిషన్ వచ్చింది. పోటీ లేని సరుకుకు ఇష్టం వచ్చిన ధర పెట్టడం వ్యాపారం కాదు, దోపిడీ అన్నది ప్రభుత్వ వాదన. కనిపెట్టిన వస్తువుకు ధర చెప్పుకునే హక్కు మాది అన్నది కంపెనీ వాదన. 2006 మే 11న కమిషన్ తాత్కాలిక ఉత్తర్వు ఇస్తూ 900 రూపాయల రాయల్టీ వసూలు చేయరాదని, చైనా వంటి పొరుగు దేశాలలో తీసుకుంటున్నది చూసి సబబైన మొత్తం నిర్ణయించాలని చెప్పింది. ఆ నెలలోనే రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్టు 750 రూపాయలకు మించరాదని ఉత్తర్వు చేసింది. కంపెనీ సుప్రీంకోర్టుకు పోయినా స్టే దొరకలేదు. ఇతర రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. ఎకరానికి రెండు ప్యాకెట్లు పెట్టే రైతుకు ఆ ఒక్క ఉత్తర్వుతో ఎకరాకు 1,700 రూపాయలు మిగిలాయి.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. 2006లోనే పార్లమెంటు నిత్యావసర సరుకుల చట్టాన్ని సవరించి పత్తి విత్తనాన్ని జాబితా నుండి తీసివేసింది. జాబితాలో లేని సరుకు మీద ఆ చట్టం కింద ఉత్తర్వు చెల్లదు. అందుకని రాష్ట్రం 2007లో పత్తి విత్తనాల సరఫరా, అమ్మకం, ధర నిర్ణయం కోసం సొంతంగా చట్టం చేసుకోవలసి వచ్చింది. అధికారి సంతకం ఎంత పెద్దదైనా వెనుక చట్టం లేకపోతే కంపెనీ వకీలు దాన్ని ఒక్క వాయిదాలో ఎగరగొడతాడు. 2015 డిసెంబరులో కేంద్రమే పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016 నుండి దేశమంతటా ఒకే ధర. బీజీ-2 ప్యాకెట్టు ఆ ఏడు 800 రూపాయలు, అందులో రాయల్టీ 49. 2018లో ధర 740, రాయల్టీ 39. 2019లో ధర 730, రాయల్టీ 20. 2020లో రాయల్టీ పూర్తిగా తీసివేశారు.

కళ్ళెం పడ్డాక

ధర దిగిందని సంబరపడవలసిందే. అయితే వ్యాపారి నష్టానికి అమ్మడు. నీటికి గట్టు వేస్తే పక్క నుంచి పారినట్లు, లాభం వేరే దారులు వెతుక్కున్నది.

మొదటి దారి: మంచి పేరున్న రకానికీ, ఎవరూ అడగని రకానికీ సర్కారు ధర ఒక్కటే. గిరాకీ ఎక్కువున్న రకం దుకాణం ముందు భాగంలో కనబడదు. లోపల ఉంటుంది. అడిగితే “స్టాకు లేదు” అన్న జవాబు. ఎక్కువ ఇస్తే దొరుకుతుంది. ఎక్కువ ఇవ్వనంటే రెండు ప్యాకెట్లకు ఎవరికీ పట్టని ఇంకో రెండు ప్యాకెట్లు గాని, పురుగుమందు సీసా గాని అంటగడతారు. బిల్లు మీద అన్నీ సర్కారు ధరలే. 2024 మే నెలాఖరులో ఆదిలాబాద్ పట్టణంలో ఒక కంపెనీ రకం కోసం ఎండలో రైతులు బారులు తీరితే పోలీసులు రంగంలోకి దిగవలసి వచ్చింది. ఆ పక్క దుకాణాలలో వేరే రకాలకు కొరత లేదు. రైతుదీ ఇందులో పాలు లేకపోలేదు. పక్క చేనులో పోయిన ఏడు బాగా కాసిందని ఊరు ఊరంతా ఒక్క పేరునే పట్టుకుంటే నల్లబజారు పుట్టక ఏం చేస్తుంది?

రెండవ దారి ఇంకా లోతైనది. రాయల్టీ ఉండదని తేలిన తర్వాత కొత్త జన్యువు తెచ్చే ఆసక్తి కంపెనీకి పోయింది. కలుపు మందుకు తట్టుకునే తర్వాతి తరం పత్తికి పెట్టుకున్న దరఖాస్తును మహికో 2016లో వెనక్కి తీసుకున్నది. ఇటు బీజీ-2 మీద గులాబీ రంగు పురుగు నిలదొక్కుకున్నది. మందు కొట్టే బాధ ఉండదని కొన్న పత్తికి మళ్ళీ మందు కొట్టవలసి వస్తున్నది. దీనికి ధర ఒక్కటే కారణమంటే అన్యాయం. బీటీ చేను చుట్టూ బీటీ కాని పత్తి వరుసలు వేయాలని నిబంధన మొదటి నుంచీ ఉన్నది. అందుకోసం పెద్ద ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఇచ్చేవారు. పొట్లం ఇచ్చి కంపెనీ చేతులు దులుపుకొన్నది. పొట్లాన్ని గట్టు మీద పారేసి రైతు చేతులు దులుపుకొన్నాడు. వేశారా లేదా అని చేనుకు వచ్చి చూసిన అధికారి లేడు. చివరకు ఆ గింజలను బీటీ గింజలలోనే కలిపివేసే పద్ధతి తెచ్చారు. ఇప్పటి ప్యాకెట్టు 475 గ్రాములు అందుకే.

అనుమతి లేకుండా ఆగిపోయిన ఆ కలుపు మందు పత్తే దొంగదారిన వచ్చింది. ఊళ్ళలో దాన్ని బీజీ-3 అంటున్నారు. 2017 నుంచి కేంద్ర బృందాలు దాని మీద విచారణలు జరిపాయి. అయినా పెన్‌గంగ అవతలి నుంచి ఇవతలికి, ఇవతలి నుంచి అవతలికి రవాణా ఆగలేదు. కలుపు కూలి భారం తగ్గుతుందన్న ఆశతో రైతు కొంటున్నాడు. ఆ ఆశను తప్పు పట్టలేము. జూలై వానల్లో కలుపు తీసే మనుషులు దొరక్క చేను గడ్డిలో మునిగిన రైతుకు చట్టం చెబితే ఏం వింటాడు? అయితే ఆ సంచీ మీద పేరుండదు, లాట్ నెంబరుండదు. మొలవకపోతే, మొలిచీ కాయకపోతే, అమ్మినవాడు “నేనెప్పుడు అమ్మాను” అంటాడు.

లైసెన్సుకే భయం

విత్తన వ్యాపారికి జైలు భయం తక్కువ. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. అతడు భయపడేది లైసెన్సుకు. 1983 విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం లైసెన్సు లేనిదే విత్తనం అమ్మరాదు. ఏ రకం ఎంత ఉన్నదో, ధర ఎంతో రోజూ బోర్డు మీద రాసి పెట్టాలి. కొన్న ప్రతివాడికీ బిల్లు ఇవ్వాలి. తప్పు చేస్తే అమ్మకం ఆపించవచ్చు, లైసెన్సు సస్పెండు చేయవచ్చు, రద్దు చేయవచ్చు. జూన్ నెలలో పదిహేను రోజులు షట్టరు దించితే ఆ ఏడాది వ్యాపారం పోయినట్లే. అందుకే తనిఖీ జీపు వస్తున్నదని తెలియగానే బోర్డు మీద సుద్దముక్క ఆడుతుంది.

కాని లైసెన్సు రద్దు చేసే ముందు వ్యాపారి చెప్పేది వినాలని అదే ఉత్తర్వులో ఉన్నది. నోటీసు ఇవ్వాలి, జవాబు తీసుకోవాలి, కారణం రాయాలి. దాని మీద అప్పీలు కూడా ఉన్నది. నోటీసుల పేరిట దొంగలకు గడువు ఇస్తున్నారని రైతులు విసుక్కుంటారు. ఆ విసుగు గురి తప్పినది. నోటీసు లేకుండా ఆవేశంలో కొట్టిన దెబ్బ అప్పీలులో నిలవదు, అదే వ్యాపారి ఊరేగింపుగా దుకాణం తెరుస్తాడు. 2017లో మిరప విత్తనాల వ్యాపారి ఒకరిని తెలంగాణ ప్రభుత్వం ముందస్తు నిర్బంధ చట్టం కింద జైలులో పెడితే, మామూలు చట్టాలు ఉండగా దాన్ని వాడడం చెల్లదని సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ తర్వాత ప్రభుత్వం ఆ చట్టంలోకి విత్తన నేరస్తులను కూడా చేరుస్తూ సవరణ చేసుకున్నది.

అసలు ఆలస్యం నోటీసులో లేదు, నమూనాలో ఉన్నది. ఇన్‌స్పెక్టరు నమూనా తీస్తే మూడు భాగాలు చేయాలి. ఒకటి వ్యాపారికి, ఒకటి ప్రయోగశాలకు, ఒకటి కోర్టు అవసరానికి. అమ్మకాలు ఊపందుకున్నాక తీసిన నమూనా ఫలితం వచ్చేసరికి ఆ లాటు విత్తనం చేలలో ఉంటుంది. గోదాములలో సరుకు దిగే ఏప్రిల్, మే నెలల్లోనే నమూనాలు తీస్తే ఆ కాగితానికి విలువ ఉంటుంది. విత్తిన తర్వాత వచ్చే కాగితం పంచనామాకే పనికివస్తుంది.

ఉద్దెర బేరం

ఇంత చెప్పుకున్నా చట్టం చేయి ఆనని చోటు ఇంకొకటి ఉన్నది. పల్లెలో చిన్న రైతు నగదు పెట్టి విత్తనం కొనడు. సేటు దగ్గర ఉద్దెర తెస్తాడు. విత్తనం, ఎరువు, పురుగుమందు అన్నీ ఒకే ఖాతాలో పడతాయి. పత్తి ఏరిన తర్వాత ఆ సేటుకే తూకం వేయాలి. ప్యాకెట్టు మీద సర్కారు ధర ఉండవచ్చు, ఖాతాలో రాసే ధర వేరు, దాని మీద వడ్డీ వేరు, పత్తి తూకంలో తరుగు వేరు. ఈ నాలుగింటిలో ప్రభుత్వం నిర్ణయించింది ఒక్కటే. మిగతా మూడూ సేటు కలానికి వదిలినవే. అప్పు కోసం చేయి చాపినవాడు బిల్లు కోసం నోరు తెరవలేడు. తెరిస్తే మరుసటి ఏడు దుకాణం గడప తొక్కనివ్వరు.

అయితే 1983 ఉత్తర్వులో నగదు బిల్లు అని మాత్రమే రాసి లేదు. నగదుకు గాని అప్పుకు గాని బిల్లు ఇవ్వవలసిందే అని ఉన్నది. అనగా ఉద్దెర బేరానికి కూడా బిల్లు రైతు హక్కు. జిల్లాలో ఈ సంగతి తెలిసిన రైతులు వేళ్ళ మీద లెక్కించదగినంత మంది. తెలిసిన వ్యాపారులు మాత్రం అందరూ.

ఆ చిన్న కాగితానికి విలువ ఏమిటన్నది 2012 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో తేలింది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ అమ్మిన విత్తనాలతో నష్టపోయిన అప్పటి ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల ఫోరాలకు వెళ్ళారు. విత్తన చట్టం ఉండగా ఇక్కడికెందుకు వచ్చారని కార్పొరేషన్ వాదించింది. విత్తనాన్ని ప్రయోగశాలలో పరీక్ష చేయించలేదు కదా అన్నది. రైతు కూడా వినియోగదారుడే అని కోర్టు చెప్పింది. విత్తనమంతా చేలో చల్లిన రైతు పరీక్ష కోసం దాచి ఉంచుతాడని ఆశించలేమని కూడా చెప్పింది. ఇది కాక, 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద రిజిస్టరైన రకం చెప్పినంత పండకపోతే పరిహారం అడిగే వీలు 39వ సెక్షనులో ఉన్నది. గింజ దాచలేదని రైతును తిప్పి పంపరాదు. కాని కొన్నట్లు రుజువు లేకపోతే ఎవరి మీద కేసు వేయాలన్న ప్రశ్న దగ్గరే కథ ఆగిపోతుంది.

మొలక రాని చేను కనబడిన వెంటనే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. శాస్త్రవేత్తలు చేను చూసి ఇచ్చే నివేదిక ఫోరంలో పనికి వస్తుంది. దున్నేసి మళ్ళీ విత్తిన తర్వాత ఫిర్యాదు ఇస్తే చూడడానికి ఏమీ మిగలదు. బిల్లుతో పాటు లాట్ నెంబరున్న ఖాళీ ప్యాకెట్టును కూడా, పత్తి ఏరి అమ్మేదాకా, ఇంట్లో చూరుకు చెక్కి ఉంచుకోవలసిందే.