బంతి మనది, బయలు ఎవరిది?

'ఆడుదాం ఆంధ్రా' అని 2023 డిసెంబరు 26న రాష్ట్రమంతా ఆటలు మొదలుపెట్టినారు. 2024 ఫిబ్రవరి దాకా, ఊరి సచివాలయం మొదలుకొని రాష్ట్రస్థాయి వరకూ పోటీలు నడిచినాయి. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. పోటీలు పెట్టింది ఈ ఐదింటికే. ఫుట్‌బాల్ లేదు. అంటే అనంతపురం వాడల్లో చెప్పుల్లేని కాళ్లతో బంతి తన్నే మన పిల్లోళ్లు లెక్కలో లేరన్న మాట. "పల్లెల్లో ఫుట్‌బాల్ యాడుంది మాస్టారూ?" అని చదువుకున్నోళ్లే నన్నడిగినారు. యాడుందో చెప్తాను. ఎందుకు కనపడకుండా పోయిందో కూడా మాట్లాడుకోవాలి.

మన జిల్లాలో ఏడాది మొత్తమ్మీద పడే సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. అదీ పడిన ఏడాది. జూన్, జూలైలో శెనక్కాయ వేస్తాము, కార్తీకం నాటికి పెరుకుతాము. ఆ తర్వాత మళ్లీ వాన దాకా చేన్లన్నీ బీళ్లే. చెరువు ఎండిపోతే అడుగున చదునైన నేల బయటపడుతుంది. అదే మన స్టేడియం. గోలు స్తంభాలంటే రెండు రాళ్లు, లేకుంటే రెండు సర్కారు తుమ్మ కట్టెలు. పల్లేరు ముళ్లు ఏరడం ఆటకు ముందు పని. క్రికెట్టుకు బ్యాటు కావాల, వికెట్లు కావాల, ప్యాడ్లు కావాల. దీనికి ఇరవై రెండు మందికీ కలిపి ఒక్క బంతి చాలు. కూలికి పొయ్యొచ్చినోడు పొద్దు గుంకేలోపల ఒక గంట ఆడుకోవచ్చు. కాబట్టే వాడలో నిలబడింది. కరువు గట్టిగా వచ్చిన ఏడాది సగం టీము బెంగుళూరు బేల్దారి పనికి పోతుంది, క్లబ్బు మూతపడుతుంది. ఉగాదికి వాళ్లు ఇల్లు చేరితే మళ్లీ తెరుచుకుంటుంది. చెరువు నిండిన ఏడాది ఊరంతా సంబరం, మనకు మాత్రం గ్రౌండు పాయె! నవ్వొద్దు, జరిగేదే రాస్తా ఉన్నా.

ఇంక బంతి సంగతి. ఇప్పుడు ప్లాస్టిక్ తోలు వచ్చింది గాని నిన్నమొన్నటిదాకా అది అసలు తోలే. ఆ తోలు ఊనిందెవరు, కోసిందెవరు, కుట్టిందెవరు? దేశంలో ఫుట్‌బాళ్లకు పేరున్న ఊరు పంజాబులోని జలంధర్. 1947కు ముందు సియాల్‌కోట్‌లో ఉన్న పని దేశ విభజనతో ఇటు చేరింది. ఆ బస్తీల్లో ఇంటింటా కూర్చుని ముక్కకు ముక్క కుట్టిన చేతులు ఎక్కువగా దళితులవి. మన మాదిగలు కపిల బానలు కుట్టినట్టే, ముక్కకింత అని కూలి తీసుకుని కుట్టినారు. మా నాయన తన ఆరెతో మా టీము బంతికి ఎన్నిసార్లు కుట్లేసినాడో లెక్కలేదు. లోపలి బ్లాడరుకు సైకిల్ షాపులో పంచరు, పైతోలుకు మా ఇంట్లో కుట్టు. చెప్పులు కుట్టే చెయ్యి తగిలితే మైల అనే ఊర్లోనే, ఆ చెయ్యి కుట్టిన తోలును పెద్దకులం పిల్లోడు నెత్తితో కొడతాండె! నెత్తితో కొట్టి గోలు వేస్తే చప్పట్లు. ఆట అయినాక నీళ్లు తాగేటప్పుడు మాత్రం కులం గుర్తుకొచ్చేది. మమ్మల్ని దోసిలి పట్టమనేవాళ్లు.

ఇది మనకే జరిగింది కాదు. పల్వంకర్ బాలూ చమార్ కులంలో పుట్టిన బౌలరు. పుణెలో హిందువుల జట్టును గెలిపించినాడు. మైదానంలో ఆయన విసిరిన బంతిని పట్టుకున్నోళ్లే, టీ మాత్రం బయట మట్టి పిడతలో పోయించినారు. 1911లో ఇంగ్లండు పోయి వందకు పైగా వికెట్లు తీసినాడు. అట్లాంటి మనిషి కథ 2002లో రామచంద్ర గుహ పుస్తకం రాసేదాకా చదువుకున్నోళ్లలోనే చానా మందికి తెలీదు. తొంభై ఏండ్లు పట్టింది. రాయకపోతే ఏమైతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మన తెలుగు నేల మీద రాసిపెట్టిన ఫుట్‌బాల్ చరిత్ర ఒకటుంది. అది హైదరాబాదుది. సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు కోచ్‌గా హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచింది. అదే రహీం దేశం జట్టుకు కోచ్‌గా 1951లో ఢిల్లీ, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చినాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. సికింద్రాబాదు పక్క అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు కొట్టినాడు. ఇవన్నీ మనకు ఎట్ల తెలిసినాయి? ఆ జట్టుకు పోలీసుశాఖ ఉండె. నెలజీతం ఉండె, ఆడడానికి గ్రౌండు ఉండె, ఎవరు ఎప్పుడు ఆడినారో రాసే గుమాస్తా ఉండె. ఆటగాళ్ల గొప్పతనాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. గొప్పతనం మన చెరువులో కూడా ఉండాదని, గుమాస్తా మాత్రం లేడని చెప్తా ఉన్నా.

మన దగ్గర ఏమి మిగిలింది? కప్పులు. ఆ కప్పుల మీద పేర్లు చూడండి. ఫలానా రెడ్డిగారి తండ్రి స్మారక కప్పు, ఫలానా నాయుడుగారి తాత జ్ఞాపకార్థం షీల్డు. ఆడింది వాడోళ్లు, మోకాళ్లు పగలగొట్టుకున్నది వాడోళ్లు. ఫోటోలో కప్పు పట్టుకుని మధ్యలో నిలబడింది ఆయన. పదేండ్ల తర్వాత ఆ ఫోటో చూసినోళ్లకు కనపడేది ఆయన మీసాలే. గోలు కొట్టినోని పేరు యాడా లేదు. ఎలక్షన్లప్పుడు జెర్సీలు పంచి, ఎలక్షన్లయినాక బంతి కొనడానికి వంద రూపాయలు అడిగితే "పనికి పోండిరా" అనే నాయకులను చూస్తానే ఉన్నాం. మన టీముకు ఊరి పేరు పెట్టుకోనిస్తారు, వాడ పేరు పెడితే మాత్రం ముఖాలు మాడిపోతాయి.

ఈ జిల్లాలో ఆటల మాట ఎత్తితే ఆర్.డి.టి. పేరు చెప్పకుండా కుదరదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికొచ్చి మొదలుపెట్టిన ఆ సంస్థ వాడల్లో ఇండ్లు, బడులు, ఆస్పత్రులు కట్టింది. అనంతపురం స్పోర్ట్స్ విలేజ్‌లో పేద పిల్లోళ్లకు ఆటలు నేర్పించింది. 2010లో అక్కడే నాదల్ పేరుతో టెన్నిస్ బడి పెట్టినారు. ఫుట్‌బాల్ లీగ్ నడిపి పల్లె పిల్లోళ్లను, ఆడపిల్లలను గ్రౌండుకు తెచ్చినారు. ఎనిమిదో తరగతి అయినాక పెండ్లి చేద్దామనే ఇంట్లోంచి ఆడపిల్ల నిక్కరు వేసుకుని బయటికొచ్చి బంతి తన్నిందంటే అది చిన్న విషయమా? ముందు మనోళ్లే గొణిగినారు. తర్వాత మ్యాచ్ చూడ్డానికి వాళ్లే వచ్చినారు.

కాని ఒకటి గమనించండి. 2025లో ఆర్.డి.టి. విదేశీ నిధుల అనుమతి రెన్యువల్ కాకపోతే జిల్లాలో జనం రోడ్డెక్కినారు. న్యాయమైన పోరాటమే. అయితే ఢిల్లీలో ఒక ఫైలు ఆగితే అనంతపురం వాడలో పిల్లోని బంతి ఆగేట్టుంటే, ఆ ఆట ఎవరి చేతిలో ఉన్నట్టు? పైగా అకాడమీకి గట్టిగా ఆడేవాళ్లే కావాల. ఊరి క్లబ్బు అట్లా కాదు. దాంట్లో పొట్టోడు, పొడుగోడు, కూలికి పోయి అలిసొచ్చినోడు, చదువు మానేసినోడు అందరూ ఉంటారు. దాతలు మంచోళ్లయినా దాతలే. క్లబ్బు మాత్రం మనదై ఉండాల.

"అత్యాచారాలు జరుగుతాంటే, భూములు లాక్కుంటాంటే, బంతి గోలేంది మాస్టారూ?" అని మన కార్యకర్తలే అంటారు. నేనూ భూమి గురించే మాట్లాడుతున్నా. చెరువు ఎండితే గ్రౌండు, నిండితే లేదు. మిగతా కాలం యాడ ఆడాల? వాడ పక్కన పోరంబోకు బయలు ఉంటుంది. పదేండ్లు పిల్లోళ్లు ఆడి ముళ్లకంప కొట్టి చదును చేస్తారు. చదునైనాక అది పెద్దోళ్ల కంట్లో పడుతుంది. ఒక పొద్దు రాళ్లు పాతుతారు, ఇంకోపొద్దు కల్లం చేస్తారు, మరుసటేడు గుడి పునాది లేస్తుంది. గుడికి అడ్డం చెప్పేదెవరు? పిల్లోళ్లు అడిగితే "మీకు పట్టా ఉందా?" అంటారు. పట్టా వాళ్లకూ లేదు. వాళ్లకు అడిగే ధైర్యం ఉంది, అంతే తేడా. 1977లో వచ్చిన అసైన్డు భూముల చట్టం కోసం మనం ఎట్ల కొట్లాడినామో, ఈ బయలు కోసమూ అట్లే కొట్లాడాల. ఎకరా భూమి కూలోనికి ఎంతో, ఎకరా బయలు వాడ పిల్లోళ్లకు అంత.

కాబట్టి ప్రతి వాడ క్లబ్బూ ఒక రిజిస్టరు కొనండి. యాభై రూపాయల లాంగ్ నోట్‌బుక్కు చాలు. మొదటి పేజీలో మీరాడే స్థలం సర్వే నెంబరు, ఎన్ని ఎకరాలు, ఏ ఏడాది నుంచి ఆడుతున్నారు అని రాయండి. ముసలోళ్లను అడిగి మొదటి బంతి ఎవరు తెచ్చినారో, ఎవరు కుట్టినారో, గోలుకీపరు ఎవరో పేర్లతో సహా రాయండి. ఆడపిల్లల పేర్లు వదలొద్దు. బెంగుళూరు పోయినోళ్లకు ఫోన్ చేసి అడగండి. తర్వాత ఆ మొదటి పేజీని జిరాక్సు తీసి, ఈ స్థలాన్ని ఆటస్థలంగా నమోదు చెయ్యాలని అర్జీ జతచేసి, పదిమంది కలిసి సోమవారం గ్రీవెన్సుకు పోండి. ఒక్కరే పోవద్దు. అర్జీ ఇచ్చినాక రసీదు అడగండి, "పోండి, చూస్తాంలే" అంటే అక్కడే కూర్చోండి. ముద్ర వేసిన కాగితం చేతికొచ్చినాకే బస్సెక్కండి.