‘లేదా’ అనే మాటలోనే విడుదల

చట్టం పేరు చూసి చప్పట్లు కొట్టడం మనకు అలవాటైపోయింది. లోపల ఏం రాశారో చూడం. బానిసత్వాన్ని రద్దు చేశామన్న కాగితాలను మాట మాట విడదీసి చదివితేనే అసలు సంగతి తెలుస్తుంది.

1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేసింది. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకు ఇది వర్తించదని అదే చట్టంలో మెలిక పెట్టింది. అంటే నెల్లూరు తీరానికి, చిట్టమూరుకు ఆ స్వేచ్ఛ రాలేదు. ఇక్కడి కోసం 1843లో తెచ్చిన చట్టం కూడా బానిస మీద యజమాని హక్కును కోర్టులు అమలు చేయవని మాత్రమే అంది. మనుషుల్ని బానిసలుగా కొనడం, అమ్మడం శిక్షించదగ్గ నేరమైంది 1862లో శిక్షాస్మృతి అమల్లోకి వచ్చాకే. అమెరికాలో 1865 నాటి పదమూడో సవరణలోనూ ‘నేరానికి శిక్షగా తప్ప’ అన్న మినహాయింపు ఉంది. దాన్ని అడ్డం పెట్టుకునే దక్షిణాది రాష్ట్రాలు నల్లజాతి ఖైదీలను కంపెనీలకు కిరాయికిచ్చాయి.

పాలకుల భాషలో తప్పించుకునే సందులున్నట్టే, మనం పట్టుకోవాల్సిన ఆయుధాలూ ఉన్నాయి. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం చూడండి. అడ్వాన్సుకో, పాత బాకీకో, కులం కట్టుబాటుకో చాకిరీ చేసే మనిషికి కూలి లేకపోయినా, ‘లేదా’ నామమాత్రపు కూలే ఇచ్చినా, ‘లేదా’ మరోచోట పనికిపోయే స్వేచ్ఛ లేకపోయినా, ‘లేదా’ ఇష్టమొచ్చిన చోటికి తిరిగే హక్కు లేకపోయినా అది వెట్టే. అన్నీ ఉండనక్కర్లేదు. ఒక్కటి చాలు.

నెల్లూరు తీరంలో అడ్వాన్సు తీసుకుని రొయ్యల గుంటల కాపలాకు చేరిన యానాది కుటుంబాన్ని ‘కట్టేశారా? కొట్టారా?’ అని మాత్రమే అడిగి ఫైలు మూసే అధికారి ఈ చట్టం చదవనట్టే. ‘చావుకో పెళ్లికో ఊరెళ్తానంటే పంపిస్తారా? ఎక్కువ కూలి ఇచ్చే చోటికి పోనిస్తారా?’ అని అడగాలి. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకునే పని కూడా రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయేనని ఏషియాడ్ కార్మికుల కేసులో 1982లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

వెట్టి బాకీ తీర్చనక్కర్లేదు, చట్టమే దాన్ని రద్దు చేసింది. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు కూడా అప్పిచ్చినవాడి మీదే పెట్టింది.

చదువుకున్న విద్యార్థులం, ఉద్యోగులం ఈ మూడు ‘లేదా’లను తెలుగులో రాసి యానాది కాలనీల్లో చదివి వినిపించాలి. అర్జీలో ‘కష్టాల్లో ఉన్నాం, ఆదుకోండి’ అని కాదు, ‘పోయే హక్కు లేదు, కనుక ఇది వెట్టి’ అని రాయించాలి. జాలి కోరే అర్జీ బుట్టలో పడుతుంది. చట్టం మాటల్లో రాసిన అర్జీకి కలెక్టరు జవాబు చెప్పి తీరాలి.