కంఫర్టు కావాలంటే దిండు కొనుక్కోవాలా?

మొన్న మా ఆఫీసు క్యాంటీన్లో హెడ్‌ఫోన్సు మీద పెద్ద చర్చ నడిచింది. మా టీములో ఒక మహానుభావుడున్నాడు. ఆయనకి పాటలకంటే పాటలు వినిపించే సామానంటే ప్రేమ. కొత్తగా ఒక క్లోజ్డ్-బ్యాక్ స్టూడియో హెడ్‌ఫోన్సు కొని, అందరికీ తలా రెండు నిమిషాలు పెట్టి చూపించాడు. నా వంతు వచ్చినప్పుడు "సౌండ్ బానే ఉంది గానీ కణతల దగ్గర నొక్కేస్తోంది, గంటసేపు పెట్టుకోలేం" అన్నాను. దానికాయన చిరునవ్వు నవ్వి "బాసూ, కంఫర్టు కావాలంటే దిండు కొనుక్కో. ఇది సౌండ్ కోసం" అన్నాడు. టేబులంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఎందుకంటే ఇదే మాటని, ఇంకో రూపంలో, నేను చిన్నప్పట్నుంచీ వింటున్నాను. అది తర్వాత చెప్తాను.

ముందు ఆయనకిష్టమైన సౌండ్ సంగతే చూద్దాం.

క్లోజ్డ్-బ్యాక్ అంటే చెవి మీద పెట్టుకునే కప్పు వెనక భాగం మూసేసి ఉంటుంది. స్టూడియోలో పాడేవాళ్ళు ట్రాకు వింటూ పాడతారు కదా, ఆ ట్రాకు చప్పుడు బయటికి కారి మైకులో పడకూడదు. అందుకని మూశారు. అంటే ఇది వినేవాడి సుఖం కోసం పుట్టింది కాదు, ఎదురుగా ఉన్న మైకు మర్యాద కోసం పుట్టింది :-). 1991లో వచ్చిన సోనీ ఎమ్‌డీఆర్-7506 కానీ, బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో కానీ ఇప్పటికీ స్టూడియోల్లో కనిపిస్తున్నాయంటే కారణం ఇదే. మొదటిది సుమారు 230 గ్రాములు, రెండోది సుమారు 270. రాసుకోవడానికి చిన్న అంకెలే. నాలుగు గంటలు నెత్తిన పెట్టుకుంటే మెడకి తెలుస్తుంది.

ఇప్పుడు అసలు మెలిక. వెనక మూసేశారు కాబట్టి మెత్తకీ మన చర్మానికీ మధ్య సందు లేకుండా ఉంటేనే బాస్ నిలబడుతుంది. సందు పడిందా, ముందు పోయేది బాసే. నాలాంటి కళ్ళద్దాల వాళ్ళకి ఆ సందు పుట్టుకతో వచ్చిన హక్కు. అద్దాల కాడ మెత్తని పైకి ఎత్తేస్తుంది. ఆ సందులోంచే బయటి చప్పుడు లోపలికొస్తుంది. బయటి చప్పుడు వచ్చిందని మనం వాల్యూం పెంచుతాం. సందు పోవాలంటే గట్టిగా నొక్కాలి. గట్టిగా నొక్కితే అరగంటకి తలనొప్పి. కాసేపటికి చేయి దానంతటదే పైకెళ్ళి కప్పుని కొంచెం జరుపుతుంది, మళ్ళీ సందు. అంటే కంఫర్టు అనేది సౌండ్ పక్కన పెట్టుకునే పచ్చడి కాదు. సౌండ్‌లో భాగం. రివ్యూల్లో గీసే ఆ అందమైన గ్రాఫులన్నీ ఎక్కువగా డమ్మీ తల మీద కొలిచినవి. డమ్మీ తలకి చెమట పట్టదు, కళ్ళద్దాలుండవు, ఎనిమిది గంటల షిఫ్టు ఉండదు.

నా మటుకు నేను మూడు మార్చాను. ఒకదాని మెత్తల తోలు ఏడాదికే పొట్టు రాలి, చెవుల నిండా నల్లటి పొలుసులు. మీటింగులో పక్కనమ్మాయి "ఏదో అంటుకుంది" అని చూపించేదాకా నాకు తెలీదు. ఇంకొకటి హైదరాబాదు ఎండాకాలంలో చెవులకి కుక్కర్. కంపెనీ పేర్లెందుకు లెండి. ఇప్పుడున్నదానికి మెత్తటి గుడ్డ తొడుగులున్నాయి, చెమట కొంచెం పీల్చుకుంటుంది, పాడైతే తొడుగులు మార్చుకోవచ్చు. బాస్ విషయంలో మా మహానుభావుడి దానికంటే ఒక మెట్టు కిందే. కానీ నేను దీన్ని రోజంతా పెట్టుకుంటాను. ఆయనది అల్మరాలో ఉంది.

సరే, ఇదంతా ఏసీ గదుల గొడవ. ఇహ ఆ పాత మాట సంగతి.

మాది గోదావరిఖని. సింగరేణి బెల్టు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం ఓసీలో బ్లాస్టింగు జరిగితే అల్మరాలో స్టీలు గిన్నెలు గలగలమంటాయి, ఎవరూ తలెత్తి కూడా చూడరు. ఓపెన్ కాస్టు గనుల్లో బొగ్గు పైనున్న మట్టీ రాయీ తీసే పని, అదే ఓబీ, చాలావరకు ప్రైవేటు కాంట్రాక్టర్లు చేస్తారు. మా బాపు అలాంటి ఒక కాంట్రాక్టరు దగ్గర పంతొమ్మిదేళ్ళు డోజరు నడిపాడు. ఏ ఓసీ, ఏ కాంట్రాక్టరు అన్నది ఇక్కడ అనవసరం. డోజరుకి ఏసీ క్యాబిన్ ఉండేది, పేరుకి. అది చెడిపోయాక ఎవరూ పట్టించుకోలేదు. రామగుండంలో మే నెల ఎండ సంగతి మీకు తెలుసుగా, 45 డిగ్రీలు దాటడం అక్కడ వార్త కాదు. తలుపులు తెరిచి నడిపేవాడు. తలుపు తెరిస్తే గాలితో పాటు ఇంజను చప్పుడంతా లోపలికే.

ఇయర్‌మఫ్‌లు ఇచ్చారు. ఇవ్వలేదని నేననను. మీరు చూసే ఉంటారు, హెడ్‌ఫోన్సులా ఉంటాయి, లోపల స్పీకరుండదు, అంతే. నిజానికి క్లోజ్డ్-బ్యాక్ హెడ్‌ఫోన్సుకి వరసకి అన్న లాంటిది. అదే మూసిన కప్పు, అదే నొక్కుడు, అదే చెమట. బాపు దాన్ని మెడలో వేసుకునేవాడు. పైవాళ్ళెవరైనా వస్తుంటే చెవులకెక్కించేవాడు. సేఫ్టీ మీటింగుల్లో ప్రతిసారీ చెప్పే మాట ఒకటే: "మీకు అవగాహన లేదు, నిర్లక్ష్యం." నాకూ చాలా రోజులు అదే నిజమనిపించింది. ఇంజనీరింగు చదివేటప్పుడు సెలవుల్లో ఇంటికెళ్ళి నేను కూడా ఒకసారి క్లాసు పీకాను, అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బాపు కోప్పడలేదు. "పెట్టుకుంటే చెవులు ఉడుకుతయి బిడ్డా. సరే, ఉడకనీ. ఎన్కకొచ్చే డంపరు హారను ఇనవడాలె గద? చెవులు కాపాడుకోబోయి పానం పోగొట్టుకోమంటవా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

భూగర్భ గనుల్లో దిగేవాళ్ళది ఇంకో రకం. పైకప్పు కూలేముందు చప్పుడు చేస్తుంది. దిమ్మెలు కిర్రుమంటాయి, చిన్న పెళ్ళలు రాలతాయి. అనుభవమున్న కార్మికుడు చెవులతోనే పైకప్పుని చూస్తాడు. ఆ చెవులు మూసుకోమంటే ఎవడు మూసుకుంటాడు? దాన్ని అవగాహన లేకపోవడం అంటామా?

మనం లెక్కల మనుషులం కాబట్టి ఒక లెక్క చేద్దాం. గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎమ్‌ఎస్ ఎప్పుడో 1975 నాటి సర్క్యులర్లోనే 85 డెసిబెల్స్‌ని హెచ్చరిక హద్దుగా, 90ని ప్రమాదపు హద్దుగా పెట్టింది. అమెరికాలో నియోష్ సంస్థ సూత్రం ప్రకారం 85 దగ్గర రోజుకి 8 గంటలు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, అలా పోతే 100 దగ్గర పావుగంట. ఇప్పుడు చప్పుడు 100 ఉందనుకోండి. 30 డెసిబెల్స్ ఆపే బ్రహ్మాండమైన ఇయర్‌మఫ్ ఇచ్చారు. షిఫ్టంతా పెట్టుకుంటే చెవికి 70, భేషు. కానీ ఉడకపోతకి, హారను వినడానికి, పక్కవాడితో మాట్లాడటానికి, అన్నీ కలిపి అరగంట మాత్రం తీశాడనుకుందాం. 8 గంటల్లో అరగంటే. 100 దగ్గర అరగంట అంటే రెండు రోజుల కోటా! 30 డెసిబెల్స్ ఇయర్‌మఫ్ కాస్తా లెక్కలో 12 డెసిబెల్స్‌కి పడిపోయింది. సగం షిఫ్టు తీసేస్తే మిగిలేది 3.

మరోలా చెప్పాలంటే, 30 ఆపి అరగంట తీయించే దానికంటే, 18 మాత్రమే ఆపినా షిఫ్టంతా తీయబుద్ధి కానిదే మేలు. కొనేవాళ్ళు మాత్రం డబ్బా మీద అంకె చూసి కొంటారు. మా మహానుభావుడూ అంతే, గ్రాఫు చూసి కొన్నాడు. పెట్టుకునే తల ఎవరిది, ఎంతసేపు, ఎంత వేడిలో అని ఇద్దరూ అడగరు. పెట్టుకోలేనివాడిదే తప్పు అంటారు. "దిండు కొనుక్కో" అన్నా "నిర్లక్ష్యం" అన్నా నాకు ఒక్కలాగే వినిపిస్తుంది.

మరేం చెయ్యాలంటావు అని అడగొచ్చు. ముందు చప్పుడు పుట్టేచోట పట్టుకోవాలి. క్యాబిన్ ఏసీ బాగుచేయించి తలుపులు మూయిస్తే చాలు, సగం గొడవ పోయేది, మనిషీ చల్లగా ఉండేవాడు. ఆ ఖర్చు మానేసి ప్లాస్టిక్ కప్పులు పంచడం చవక. ఇక ఇయర్‌మఫ్‌లలో బయటి మాటలు, హారన్లు మైకుతో లోపలికి వినిపిస్తూ పెద్ద చప్పుళ్ళని మాత్రం ఆపేవి మార్కెట్లో ఎప్పట్నుంచో ఉన్నాయి. బాపుకి అలాంటివి ఉంటాయని నేను చెప్పేదాకా తెలియదు. ఆయనకి అవగాహన లేదన్న మాట ఆ ఒక్క విషయంలో మాత్రం నిజమే.

నాయిస్ క్యాన్సిలింగ్ ఉందిగా అనేవాళ్ళకి: ఉంది, బస్సు హోరు, ఏసీ హోరు లాంటి కింది స్వరాల మీద బాగా పనిచేస్తుంది. కప్పు ఉడకపోతని మాత్రం క్యాన్సిల్ చెయ్యదు.

చప్పుడు వల్ల వచ్చే చెవుడు సాధారణంగా పై స్వరాల దగ్గర, 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలవుతుంది. అచ్చులు వినబడతాయి, స, చ, త లాంటివి జారిపోతాయి. మనిషికి మాట వినబడుతుంది కానీ అర్థం కాదు. అన్నం దగ్గర అమ్మ "సల్ల పొయ్యాల్నా?" అని అడిగితే బాపు లేచి నల్లా కట్టెయ్యడానికి వెళ్ళాడు. మేమంతా నవ్వాం, ఆయన కూడా నవ్వాడు. తర్వాత రెండ్రోజులు పెద్దగా మాట్లాడలేదు.

టీవీ సౌండుకి అమ్మ వేగలేకపోతోందని పోయిన దసరాకి నా హెడ్‌ఫోన్సే తీసుకెళ్ళి పెట్టాను. మా ఆఫీసులో అందరూ ఎగబడే బాస్ ఆయనకి శత్రువు, మాటల్ని మింగేస్తుంది. దాన్ని తగ్గించి, పై స్వరాలు కొంచెం పెంచి, వాల్యూం హద్దులో పెట్టి ఇచ్చాను. వార్తలు మొత్తం విన్నాడు, యాంకరు ఏమందో నాకు తిరిగి చెప్పాడు కూడా. గంట తర్వాత చూస్తే ఎడమ కప్పు చెవి వెనక్కి నెట్టి ఉంది. నొప్పా అని అడిగితే కాదన్నాడు. "అలవాటు బిడ్డా. ఒక చెవు బయిటనే ఉండాలె."

మా మహానుభావుడికి ఒక విన్నపం. మే నెలలో ఒకసారి మా ఊరు రండి, భోజనం మా ఇంట్లోనే. మీ హెడ్‌ఫోన్సు తెచ్చుకోండి. మధ్యాహ్నం రెండింటికి, ఏసీ కట్టేసి, ఫ్యాను కూడా లేకుండా, ఎనిమిది గంటలు తియ్యకుండా పెట్టుకోండి. దిండు నేనిస్తాను. ఆ తర్వాత రివ్యూ రాయండి, మొదటి కామెంటు నాదే.